బ్రిటన్‌లో స్పెషల్ కానిస్టేబుల్ కావాలంటే: అర్హతలు, వెట్టింగ్, పరీక్షలు, కావాల్సిన గుణాలు

ఇంగ్లండ్, వేల్స్‌లలో యూనిఫాంలో కనిపించే పోలీసుల్లో కొందరికి ఆ పనికి జీతం రాదు. పగలు ఆఫీసులోనో ఆస్పత్రిలోనో దుకాణంలోనో ఉద్యోగం చేసుకుని, శుక్రవారం రాత్రో శనివారం సాయంత్రమో డ్యూటీకి వస్తారు. వాళ్లే స్పెషల్ కానిస్టేబుళ్లు. జీతం లేదు కదా అని అధికారం తక్కువనుకోవద్దు. అరెస్టు చేయడం, ఆపి సోదా చేయడం, అవసరమైనప్పుడు బలం వాడడం, ఇవన్నీ రెగ్యులర్ కానిస్టేబుల్‌కి ఎంత ఉన్నాయో వీళ్లకీ అంతే ఉన్నాయి. ఇంగ్లండ్, వేల్స్ అంతటా చెల్లుతాయి.

ఈ వ్యవస్థకు మూలం 1831 నాటి చట్టం. ఇప్పుడు నియామకాలు 1996 పోలీస్ యాక్ట్ 27వ సెక్షన్ కింద, ఆయా ఫోర్స్ (ప్రాంతాల వారీ పోలీసు దళం) చీఫ్ కానిస్టేబుల్ చేతుల మీదుగా జరుగుతాయి. ఆంధ్ర, తెలంగాణల్లోని హోంగార్డుతో దీన్ని పోల్చుకుంటే లెక్క తప్పుతుంది. హోంగార్డుకు రోజుకింత అని డ్యూటీ అలవెన్సు ఉంటుంది, చాలామందికి అదే బతుకుతెరువు. స్పెషల్‌కి వచ్చేది దారి ఖర్చుల్లాంటివి మాత్రమే. వీధుల్లో తిరిగే పీసీఎస్‌ఓలు (పోలీస్ కమ్యూనిటీ సపోర్ట్ ఆఫీసర్లు) కూడా వేరు. వాళ్లది జీతం ఉన్న ఉద్యోగం, కానీ కానిస్టేబుల్‌కి ఉన్న అరెస్టు అధికారం వాళ్లకు లేదు.

2012లో 20 వేలకు పైగా ఉన్న స్పెషల్స్ 2024 నాటికి 6 వేల దరిదాపులకు పడిపోయారు. అంటే ఫోర్సులకు మనుషులు కావాలి. అయితే వడపోత మాత్రం మునుపటికంటే బిగిసింది. 2021లో లండన్‌లో సర్వీసులో ఉన్న పోలీసు అధికారే ఒక యువతిని హత్య చేశాక, వెట్టింగ్ (చేర్చుకునే ముందు చేసే పూర్వాపరాల తనిఖీ) మీద దేశమంతా ప్రశ్నలు లేచాయి. అందుకే చెబుతున్నాం: దరఖాస్తుదారులు జారిపోయేది పరుగు పందెంలోనో ఇంటర్వ్యూలోనో అనుకుంటారు గానీ, ఎక్కువగా జారిపోయేది కాగితాల దగ్గర. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం వాటికే ఇస్తున్నాం.

ముందుగా మీకు అర్హత ఉందా?

నియామకం నాటికి 18 ఏళ్లు నిండాలి. కొన్ని ఫోర్సులు అంతకు కొన్ని నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటాయి. గరిష్ఠ వయసు అంటూ ఒక గీత లేదు. కానీ కానిస్టేబుల్ రిటైర్మెంట్ వయసు సాధారణంగా 60, ప్రొబేషన్ సుమారు రెండేళ్లు. యాభై ఐదు దాటాక దరఖాస్తు చేసేవాళ్లు ఈ లెక్క వేసుకుని, ముందే ఫోర్స్‌కి ఫోన్ చేసి అడగడం మంచిది.

బ్రిటిష్ పౌరసత్వం తప్పనిసరి కాదు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు కూడా అర్హులే, కానీ ఐఎల్‌ఆర్ (ఇండెఫినిట్ లీవ్ టు రిమైన్, గడువు లేకుండా ఉండే అనుమతి) ఉండాలి. మనవాళ్లు పీఆర్ అని పిలుచుకునేది అదే. స్కిల్డ్ వర్కర్ వీసా, స్టూడెంట్ వీసా, డిపెండెంట్ వీసా మీద ఉన్నవాళ్లకు అవకాశం లేదు, ఎన్నేళ్లుగా ఉంటున్నా సరే. ఉండే గడువుకు పరిమితి ఉన్న ఏ వీసా అయినా అంతే. ఐఎల్‌ఆర్ ఇప్పుడు సాధారణంగా ఆన్‌లైన్ ఈ-వీసాలో ఉంటుంది కాబట్టి, దాన్ని ఇతరులకు చూపడానికి ఇచ్చే షేర్ కోడ్ తీసి, అందులో మీ పేరు, ఫొటో, స్టేటస్ సరిగ్గా ఉన్నాయో లేదో దరఖాస్తుకు ముందే చూసుకోండి. పాస్‌పోర్టు రెన్యూ చేసి కొత్త నంబరు అందులో ఎక్కించకపోవడం తరచూ జరిగే పొరపాటు.

దరఖాస్తుకు ముందు మూడేళ్లు వరసగా బ్రిటన్‌లో నివాసం ఉండాలి. ఇది విదేశీయులకు మాత్రమే పెట్టిన నిబంధన కాదు, లండన్‌లో పుట్టి దుబాయిలో ఉద్యోగం చేసి తిరిగొచ్చినవాళ్లకూ వర్తిస్తుంది. ఆ కాలంలో మీ గురించి ఇక్కడి రికార్డుల్లో వెతికి చూడగలగాలన్నదే కారణం. పెళ్లికో పండక్కో మూడు వారాలు ఇంటికి వెళ్లిరావడం సమస్య కాదు. ప్రాజెక్టు పని మీద ఏడాదిపాటు హైదరాబాద్‌లో ఉండి వచ్చి ఉంటే మాత్రం తేదీలతో సహా రిక్రూట్‌మెంట్ విభాగాన్ని అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి.

ఇక ఉద్యోగం. కొన్ని పనులు చేసేవాళ్లను స్పెషల్స్‌గా తీసుకోరు, ఎందుకంటే రెండు పాత్రలూ ఒకదానికొకటి అడ్డం పడతాయి. మెజిస్ట్రేట్లు, జడ్జీలు, ప్రభుత్వం తరఫున కేసులు నడిపే క్రౌన్ ప్రాసిక్యూషన్ సర్వీసు సిబ్బంది, బాకీలు వసూలు చేసే బెయిలిఫ్‌లు, ప్రైవేటు డిటెక్టివ్‌లు, లైసెన్సు మీద పనిచేసే సెక్యూరిటీ గార్డులు, పబ్బుల దగ్గర డోర్ సూపర్వైజర్లు, పార్కింగ్ జరిమానాలు వేసే సిబ్బంది ఈ కోవలోకి వస్తారు. మనవాళ్లకు తగిలే చిక్కు ఒకటుంది: మద్యం అమ్మే లైసెన్సు. రెస్టారెంటో, మూలమీద కొట్టో నడుపుతూ లైసెన్సు మీ పేరు మీదే ఉంటే సాధారణంగా తీసుకోరు. మద్యం లైసెన్సుల మీద నిఘా పెట్టేవాళ్లలో పోలీసులూ ఉంటారు కాబట్టి. వ్యాపారంలో వాటా మాత్రమే ఉండి లైసెన్సు ఇంకొకరి పేరున ఉన్నా, ఆ సంగతి ఫారంలో రాయాల్సిందే. డాక్టర్లు, నర్సులు, టీచర్లకు అడ్డు లేదు గానీ, పేషెంటు గోప్యత, పిల్లల గోప్యత పోలీసు విధితో ఎక్కడ తగులుకుంటుందో ఇంటర్వ్యూలో అడిగే అవకాశం ఉంది. ఆలోచించుకుని వెళ్లండి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు ఈ బెడద లేదు.

బ్రిటిష్ నేషనల్ పార్టీ, నేషనల్ ఫ్రంట్ లాంటి జాత్యహంకార సంస్థల్లో సభ్యత్వం ఉంటే దారి మూసుకున్నట్టే. పచ్చబొట్లకు అభ్యంతరం లేదు, ఎవరినీ కించపరిచేలా లేకపోతే చాలు. తలపాగా, గడ్డం, హిజాబ్ ఉన్నా యూనిఫాంలో వీలు కల్పిస్తారు.

వెట్టింగ్: నిజం మొత్తం, మొదటిసారే

వెట్టింగ్ ఫారం పొడవుగా ఉంటుంది. మీ గురించే కాక, మీ జీవిత భాగస్వామి, తల్లిదండ్రులు, తోబుట్టువులు, అత్తమామలు, మీ ఇంట్లో ఉండే పెద్దవాళ్లందరి పేర్లు, పుట్టిన తేదీలు, చిరునామాలు అడుగుతుంది. పోలీసు రికార్డుల్లో అందరినీ వెతుకుతారు. ఒక చిన్న అబద్ధం దొరికితే, ఆ విషయం నిజంగా ఎంత చిన్నదైనా, తిరస్కరణ అబద్ధానికే వస్తుంది. తర్వాత ఇంకో ఫోర్స్‌కి వెళ్లినా ఈ తిరస్కరణ గురించి అడుగుతారు. ఇంతకంటే గట్టిగా చెప్పాల్సింది ఈ వ్యాసంలో ఇంకేమీ లేదు.

పేర్లతో మొదలుపెట్టండి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో చివర, బ్యాంకులో ఒట్టి ఇనీషియల్, ఇది మన ఇళ్లలో మామూలే. ఫారంలో ‘ఇతర పేర్లు’ అన్న గడి ఉంటుంది. అందులో ఇప్పటిదాకా ఏ కాగితం మీద ఏ రూపంలో మీ పేరు పడిందో అన్నీ రాయండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారినవాళ్లు పాతదీ కొత్తదీ రెండూ రాయాలి.

తల్లిదండ్రుల పుట్టిన తేదీల దగ్గర చాలామంది ఆగిపోతారు. బడిలో చేర్చేటప్పుడు హెడ్‌మాస్టరు వేసిన జూన్ 1, జులై 1 తేదీలే ఆధార్‌లో, పాస్‌పోర్టులో ఉంటాయి, అసలు తేదీ వేరే ఉంటుంది. పాస్‌పోర్టు తేదీనే రాయండి. అదనపు వివరాల గడిలో, అధికారిక పత్రాల్లో ఉన్న తేదీ ఇదని ఒక వాక్యం చేర్చండి.

చిరునామాలు ఖాళీ లేకుండా నెల నెలకీ అతకాలి. చదువుకునే రోజుల్లో రెండు నెలలు స్నేహితుడి గదిలో సర్దుకుని ఉన్నా అది చిరునామాయే. పాత బ్యాంకు స్టేట్‌మెంట్లు, కౌన్సిల్ ట్యాక్స్ బిల్లులు, టెనెన్సీ అగ్రిమెంట్లు ముందేసుకుని, ఒక తెల్లకాగితం మీద వెనకనుంచి ముందుకు రాసుకుంటే గంటన్నరలో తేలిపోతుంది.

అద్దె ఇంట్లో ఒక గది ఇంకొకరికి ఇచ్చి ఉంటే, వాళ్లూ మీతో కలిసి ఉంటున్నవాళ్ల కిందకే వస్తారు. వాళ్ల వివరాలు ఇవ్వాలి, వాళ్ల రికార్డులూ చూస్తారు. ఈ సంగతి వాళ్లకు ముందే చెప్పండి. చెప్పకుండా పేరు ఇవ్వడం మర్యాద కాదు, చెప్పలేక పేరు దాచడం మీ దరఖాస్తుకే చేటు.

నేరాల విషయంలో చిన్నప్పటివి, ఎప్పుడో గడిచిపోయినవి, కోర్టుదాకా వెళ్లనివి కూడా అడుగుతారు. ఇతర ఉద్యోగాల్లో పాత శిక్షలను దాటవేసే చట్టబద్ధమైన వెసులుబాటు పోలీసు నియామకాల్లో లేదు. హెచ్చరికతో వదిలేసిన కేసు, స్పీడింగ్ పాయింట్లు, ఫిక్స్‌డ్ పెనాల్టీ నోటీసులు, ఫారం ఏది అడిగితే అది రాయండి. భారత్‌లో నమోదైన కేసులు కూడా ఇందులోకి వస్తాయి: కాలేజీలో విద్యార్థి సంఘం ధర్నాలో పెట్టిన కేసు, కుటుంబ గొడవలో అందరి పేర్లూ ఇరికించిన ఎఫ్‌ఐఆర్, లోక్ అదాలత్‌లో రాజీ అయినది, అన్నీ. కేసు కొట్టేశారు కదా అని వదిలేయొద్దు. ఎఫ్‌ఐఆర్ నకలు, తీర్పు లేదా రాజీ పత్రం తెప్పించి పెట్టుకోండి. కేసు ఉన్నంతమాత్రాన తలుపు మూసుకోదు, ఏ నేరం, ఎప్పుడు, ఏ వయసులో అన్నది చూసి నిర్ణయిస్తారు. జైలు శిక్ష, హింస, మోసం, గృహ హింస లాంటివాటికి మాత్రం దాదాపుగా సడలింపు ఉండదు.

అప్పులు ఉండడం తప్పు కాదు, తీర్చకుండా తిరగడం తప్పు. పీకల్లోతు అప్పుల్లో ఉన్న పోలీసుకు డబ్బు ఆశ చూపడం తేలిక అన్నదే ఇక్కడి ఆలోచన. ఇంటి లోను, కారు ఫైనాన్సు, క్రెడిట్ కార్డు, భారత్‌లో మిగిలున్న ఎడ్యుకేషన్ లోను, అన్నీ చూపించి నెలనెలా కడుతున్నట్టు రుజువైతే చాలు. ఇబ్బంది పెట్టేది సీసీజే, అంటే బాకీ కట్టనందుకు కౌంటీ కోర్టు ఇచ్చే తీర్పు. చదువు అయ్యాక ఇల్లు మారిపోతారు, పాత మొబైల్ కాంట్రాక్టు బిల్లో కరెంటు బిల్లో పాత చిరునామాకు వస్తూ ఉంటుంది, కోర్టు ఉత్తరమూ అక్కడికే వెళ్తుంది, మీకు తెలియనే తెలియదు. అది ఆరేళ్లు రికార్డులో ఉంటుంది. అందుకే దరఖాస్తుకు మూడు నెలల ముందే ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్ మూడింటిలోనూ మీ క్రెడిట్ రిపోర్టు ఉచితంగా తీసి చూడండి. సీసీజే కనిపిస్తే బాకీ కట్టి, కట్టినట్టు రికార్డులో గుర్తు పడేదాకా ఆగి, అప్పుడు దరఖాస్తు చేయండి.

సోషల్ మీడియా కూడా చూస్తారు. కులం పేరుతోనో మతం పేరుతోనో ఎవరినైనా తిట్టిన పోస్టు, హీరోల అభిమానుల తగాదాలో ఆడవాళ్లను కించపరుస్తూ పెట్టిన కామెంటు, పదేళ్ల కిందటిదైనా మీ పేరుతోనే ఉంటుంది. తెలుగులో రాశాం, ఎవరికి అర్థమవుతుందిలే అనుకోవద్దు. అంతకంటే ముందు, అలాంటి మాట ఈరోజు కూడా మీ నోట వస్తుందనిపిస్తే ఈ పని మీకు తగదు. రేపు ఆ కులంవాళ్ల ఇంటికో ఆ మతంవాళ్ల ఇంటికో సాయానికి వెళ్లాల్సింది మీరే.

వేలిముద్రలు, డీఎన్‌ఏ నమూనా తీసుకుని డేటాబేస్‌లతో సరిచూస్తారు. డ్రగ్స్ పరీక్ష కూడా ఉంటుంది. తిరస్కరిస్తే అప్పీలు చేసుకోవచ్చు. చేరాక కూడా బాధ్యత ఆగదు. పెళ్లి, విడాకులు, కొత్త హౌస్‌మేట్, పెద్ద అప్పు, అదనపు వ్యాపారం, ఇలా జీవితంలో మార్పు వచ్చినప్పుడల్లా తెలియజేయాలి.

దరఖాస్తు, ఇంటర్వ్యూ

ఒక్కో ఫోర్స్‌కి ఒక్కో పద్ధతి ఉంటుంది. మీ ప్రాంతం ఫోర్స్ వెబ్‌సైటులో నియామకాలు తెరిచారో లేదో చూడండి, కొన్ని ఏడాదిలో రెండు మూడుసార్లే తెరుస్తాయి. రైళ్లు, స్టేషన్లు చూసే బ్రిటిష్ ట్రాన్స్‌పోర్ట్ పోలీసుకూ స్పెషల్స్ ఉన్నారు. రోజూ రైల్లో లండన్ వెళ్లొచ్చేవాళ్లకు అది వీలుగా ఉండొచ్చు. దరఖాస్తు నుంచి ప్రమాణం దాకా ఆరు నెలల నుంచి ఏడాది పట్టడం మామూలే.

మామూలుగా ఆన్‌లైన్ ప్రశ్నలు, తర్వాత ఇంటర్వ్యూ లేదా అసెస్‌మెంట్ ఉంటాయి. పోలీసు పనికి ప్రమాణాలు పెట్టే కాలేజ్ ఆఫ్ పోలీసింగ్ రూపొందించిన సామర్థ్యాలు, విలువల చట్రం ఆధారంగానే అడుగుతారు. ధైర్యం, గౌరవమూ సహానుభూతీ, ప్రజాసేవ అన్నవి అందులోని విలువలు. ‘మీ జీవితంలో ఫలానా పరిస్థితిలో ఏం చేశారో చెప్పండి’ అన్న తరహా ప్రశ్నలుంటాయి. సందర్భం, మీ బాధ్యత, మీరు చేసింది, ఫలితం, ఈ నాలుగూ వరసలో చెప్పాలి. సగానికి పైగా సమయం ‘మీరు చేసింది’ దగ్గరే గడవాలి.

మనవాళ్లు మార్కులు పోగొట్టుకునేది ‘మేము’ అన్న మాట దగ్గర. టీమ్‌కి పేరివ్వడం మన అలవాటు, మంచి అలవాటే, కానీ మార్కులు వేసేవాళ్లకు మీరు ఏం చేశారో అందులో కనబడదు. తాగి వచ్చి గొడవ చేస్తున్న కస్టమర్‌ని మేం శాంతింపజేశాం అంటే మార్కులేమీ పడవు. ‘కౌంటరు నుంచి రెండడుగులు వెనక్కి జరిగాను. గొంతు తగ్గించి, ఏమైంది సార్ అని అడిగాను. భయపడుతున్న తోటి ఉద్యోగిని వెనక గదిలోకి పంపి మేనేజర్‌ని పిలవమన్నాను. ఆయన చెప్పేది మధ్యలో ఆపకుండా విన్నాను. రెండుసార్లు డబ్బు కట్ అయిందన్నది ఆయన బాధ, రసీదు చూస్తే నిజమే’ అన్నారనుకోండి, అందులో వినడం ఉంది, భద్రత ఉంది, నిర్ణయం ఉంది. అంత వివరం ఇవ్వగలిగిన సంఘటనలు ఐదారు ముందే రాసి పెట్టుకోండి. గొప్పవి కానక్కర్లేదు. గుడి ఉత్సవంలో క్యూ సర్దడం, బడి బస్సు గొడవ తీర్చడం కూడా పనికొస్తాయి.

పరుగు, చూపు, ఆరోగ్యం

ఫిట్‌నెస్ పరీక్ష అనగానే కండలు తిరిగినవాళ్లకేనని బెదిరిపోతారు. అలాంటిదేమీ కాదు. 15 మీటర్ల దూరంలో రెండు గీతలు, బీప్ మోగేలోపు ఒక గీత నుంచి ఇంకో గీతకు చేరాలి, వేగం మెల్లగా పెరుగుతుంది. 5.4 లెవెల్, అంటే ఐదో లెవెల్లో నాలుగో పరుగు, చేరితే చాలు. మొత్తం నాలుగు నిమిషాల లోపే. మగవాళ్లకూ ఆడవాళ్లకూ ఒకటే ప్రమాణం.

ఓడిపోయేవాళ్లు ఊపిరి చాలక ఓడిపోరు, మలుపు దగ్గర తెలియక ఓడిపోతారు. గీత దాటి గుండ్రంగా తిరిగొస్తే ప్రతిసారీ రెండడుగులు అదనం. గీత మీద ఒక పాదం ఆనించి, ఒంటిని పక్కకు తిప్పి, అదే కాలితో తోసుకుంటూ వెనక్కి తిరగాలి. ఒకసారి కుడికాలు, ఒకసారి ఎడమకాలు మార్చుకుంటే పిక్కలు పట్టవు. మొదట్లో వేగం తక్కువగా ఉంటుంది కదా అని ముందే పరుగెత్తి గీత దగ్గర నిలబడొద్దు, బీప్‌తోపాటే చేరండి. ఇంట్లో సాధన చేసేటప్పుడు ఇంకో పొరపాటు: ఫోన్ యాప్‌లలో ఎక్కువ భాగం 20 మీటర్ల పరీక్షవి. ఆ బీప్‌లతో 15 మీటర్లు పరుగెత్తితే తేలికగా అనిపిస్తుంది, అసలు రోజు లెక్క తప్పుతుంది. 15 మీటర్ల ఆడియో వెతికి తీసుకోండి, టేపుతో కొలిచి పార్కులో గుర్తు పెట్టుకోండి. బొత్తిగా అలవాటు లేనివాళ్లు కూడా వారానికి మూడు రోజుల చొప్పున ఆరు నుంచి ఎనిమిది వారాలు చేస్తే సాధారణంగా అందుకుంటారు. జిమ్ హాలు నేల నున్నగా ఉంటుంది, పట్టున్న బూట్లు వేసుకెళ్లండి.

కంటిచూపు అద్దాలతోనో లెన్సులతోనో ఒక్కో కంటికి 6/12, రెండు కళ్లూ కలిపి 6/6 రావాలి. అద్దాలు లేకుండా 6/36. పెద్ద నంబరున్న అద్దాలవాళ్లు ముందే ఆప్టీషియన్ దగ్గర ఈ మూడు కొలతలూ రాయించుకోండి. లేజర్ సర్జరీ చేయించుకున్నా అడ్డు లేదు గానీ, ఏ రకం సర్జరీ, ఎప్పుడు అన్న కాగితాలు ఉండాలి. కొద్దిపాటి రంగుల లోపం ఉన్నా ఫర్వాలేదు, రంగులు అసలే తెలియకపోతే కుదరదు.

షుగర్, ఉబ్బసం, బీపీ ఉన్నంతమాత్రాన కాదనరు. అదుపులో ఉందా, డ్యూటీలో ప్రమాదమా అన్నది విడివిడిగా చూస్తారు. జీపీ (మీరు నమోదై ఉన్న స్థానిక డాక్టరు) నుంచి రికార్డులు రావడానికి వారాలు పడుతుంది కాబట్టి ముందే అడిగి పెట్టుకోండి.

శిక్షణ, ప్రమాణం

శిక్షణ ఎక్కువగా వారాంతాల్లో, కొన్ని నెలలపాటు సాగుతుంది. చట్టం భాగం కొంత ఆన్‌లైన్‌లో సొంతంగా చదువుకోవాలి. అన్ని తరగతులకూ హాజరు తప్పనిసరి. రెండు వారాంతాలు పోతే తర్వాతి బ్యాచ్‌లోకి నెట్టే ప్రమాదం ఉంది. అందుకే టైంటేబుల్ చేతికొచ్చాకే ఇండియా టికెట్లు కొనండి. చేతికి సంకెళ్లు వేయడం, లాఠీ, కళ్లలో కొట్టే స్ప్రే, ఆత్మరక్షణ, ప్రథమ చికిత్స నేర్పుతారు. ఆత్మరక్షణ శిక్షణను ఏటా పునరుద్ధరించుకోవాలి, గడువు దాటితే రోడ్డు మీదికి పంపరు. 2022 నుంచి, ప్రత్యేక శిక్షణ పొందిన స్పెషల్స్‌కు టేజర్ (విద్యుత్ షాక్ ఇచ్చే ఆయుధం) వాడే అనుమతి కూడా ఇచ్చారు.

మెజిస్ట్రేట్ ఎదుట ప్రమాణం చేశాకే అధికారం వస్తుంది. రాజు సేవలో కానిస్టేబుల్ బాధ్యతను న్యాయంగా, నిజాయితీగా, శ్రద్ధగా, పక్షపాతం లేకుండా నిర్వహిస్తానని, మానవ హక్కులను నిలబెడతానని, మనుషులందరికీ సమాన గౌరవం ఇస్తానని అందులో ఉంటుంది. తర్వాత చాలాకాలం అనుభవమున్న అధికారి వెంటే డ్యూటీ. ఒంటరిగా తిరగగలరని నిర్ధారించాకే స్వతంత్ర గస్తీ హోదా ఇస్తారు.

ఏ గుణాలు కావాలి

ధైర్యం గురించి అందరూ చెబుతారు. దానికంటే రోజూ పనికొచ్చేది ఓపిగ్గా వినడం, చూసింది చూసినట్టు రాయడం.

నోట్‌బుక్ రాతనే తీసుకోండి. చెరపకూడదు, కాగితం చింపకూడదు, ఖాళీలు వదలకూడదు, దిద్ది పైన రాయకూడదు, పంక్తుల మధ్య ఇరికించకూడదు. తప్పు పడితే ఒకే ఒక గీత కొట్టాలి, కిందున్న మాట కనబడుతూనే ఉండాలి, పక్కన మీ పొడి సంతకం. ఎదుటివాళ్లు అన్నమాట వాళ్ల మాటల్లోనే రాయాలి. ‘అతను బెదిరించాడు’ కాదు, ‘రేపు నీ కాళ్లు విరగ్గొడతా’ అన్నాడని. సమయం నిమిషంతో సహా. ఇప్పుడు చాలాచోట్ల నోట్‌బుక్ ఫోన్‌లోకి మారింది, సూత్రం మారలేదు. ఏడాది తర్వాత కోర్టులో డిఫెన్స్ లాయర్ మిమ్మల్ని నిలదీసేది ఆ నాలుగు పంక్తుల మీదే. అక్కడ ఖాళీ ఉంటే, దెబ్బలు తిన్న మనిషికి న్యాయం దొరక్కుండా పోతుంది.

ఆపి సోదా చేసేటప్పుడూ అంతే. ఏ అనుమానంతో, ఏం వెతకడానికి, మీరెవరు, ఏ స్టేషన్, ఏ చట్టం కింద, రికార్డు నకలు అడిగే హక్కు వాళ్లకుందని, వాళ్లను ఇప్పుడు ఆపి ఉంచారని, ఇవన్నీ సోదాకు ముందే చెప్పాలి. యూనిఫాంలో లేకపోతే వారెంట్ కార్డు (పోలీసు గుర్తింపు కార్డు) చూపాలి. చలిలో, అరుపుల మధ్య, ఎదుటివాడు ఫోన్‌లో వీడియో తీస్తుండగా ఇది వరస తప్పకుండా చెప్పగలగాలి. రంగు చూసి ఆపారన్న అవమానం ఒకసారి పడ్డవాడు మళ్లీ పోలీసుకు ఫోన్ చేయడు. వలస వచ్చిన మనకు ఆ బాధ ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు.

తెలుగు రావడం నిజంగా ఒక బలం. భర్త కొడుతున్నాడని ఫోన్ చేసిన అమ్మాయికి వచ్చిన ఇంగ్లిషు భయంలో నోట రాదు. ‘భయపడకమ్మా, ఇక్కడే ఉంటాను, నెమ్మదిగా చెప్పు’ అని గుమ్మంలో వినిపిస్తే ఆ ఇంట్లో పరిస్థితే మారిపోతుంది. కానీ హద్దు తెలియాలి. నిందితుడి అధికారిక ఇంటర్వ్యూకి అర్హత ఉన్న స్వతంత్ర దుబాసీ కావాలి, మీరు ఆ పాత్రలో కూర్చుంటే సాక్ష్యం నిలవదు. ఆ కుటుంబం మీకు తెలిసినవాళ్లయితే సార్జెంట్‌కి వెంటనే చెప్పి పక్కకు తప్పుకోవాలి.

తెలుగు సంఘంలో మీరు పోలీసని తెలిశాక ఫోన్లు మొదలవుతాయి. ‘బాబాయ్, ఈ కారు నంబరు ఎవరిదో కాస్త చూసి పెట్టవా’, ‘అమ్మాయికి వచ్చిన సంబంధం, అబ్బాయి మీద కేసులేమైనా ఉన్నాయేమో చూడన్నా’. అడిగేవాళ్లు ప్రేమతోనే అడుగుతారు. పోలీసు పని కారణం లేకుండా కంప్యూటర్‌లో ఒక్క పేరు వెతికినా అది నేరం. ప్రతి వెతుకులాటకూ రికార్డు ఉంటుంది. ఉద్యోగాలు పోయినవాళ్లు, జైలుకు వెళ్లినవాళ్లు ఉన్నారు. ‘అది చూస్తే నా మీదే కేసు అవుతుంది’ అని మొదటిసారే చెప్పేయండి, మళ్లీ అడగరు.

సమయం, ఇల్లు, ఆఫీసు

నెలకు కనీసం 16 గంటలు అడుగుతారు. కాగితం మీద రెండు షిఫ్టులే. రాత్రి రెండింటికి డ్యూటీ దిగాల్సినప్పుడు ఒంటిగంటకు అరెస్టు జరిగితే, కస్టడీలో అప్పగించి, స్టేట్‌మెంట్ రాసి ఇల్లు చేరేసరికి తెల్లారిపోతుంది. ఇంట్లోవాళ్లతో ఈ మాట దరఖాస్తుకు ముందే మాట్లాడుకోండి. చిన్నపిల్లలున్న ఇంట్లో వారాంతం పోవడమంటే ఆ భారం ఇంకొకరి మీద పడడమే, వాళ్ల ఒప్పుదల మనస్ఫూర్తిగా ఉండాలి.

ఆఫీసులో కాంట్రాక్టు చదవండి, బయటి బాధ్యతలకు అనుమతి కావాలని చాలావాటిలో ఉంటుంది. కొన్ని సంస్థలు పోలీసు డ్యూటీకి ఏటా కొన్ని రోజులు జీతంతో సెలవు ఇస్తాయి, మీదీ అందులో ఉందేమో హెచ్‌ఆర్‌ని అడగండి. ఆన్‌కాల్ ఉండే ఐటీ ఉద్యోగులు, రోటా మీద పనిచేసే డాక్టర్లు రాత్రి డ్యూటీ మర్నాడు పని పెట్టుకోవద్దు. జీవిత బీమా కంపెనీకి కూడా తెలియజేయండి. కొన్ని కౌన్సిళ్లు స్పెషల్స్‌కు కౌన్సిల్ ట్యాక్స్‌లో తగ్గింపు ఇస్తాయి.

ఇప్పటికి అర్హత లేకపోతే

ఐఎల్‌ఆర్ రాలేదు, మూడేళ్లు నిండలేదు, లేదా ఉద్యోగం అడ్డు వస్తోంది అనుకోండి, అధికారాలు లేని పోలీస్ సపోర్ట్ వాలంటీర్ పనులు ఉంటాయి. సమాచార కేంద్రాల్లో, ప్రజల మధ్య నేర నివారణ కార్యక్రమాల్లో సాయపడొచ్చు, నిబంధనలు ఫోర్స్‌ని బట్టి మారతాయి. మీ వీసా మీద స్వచ్ఛంద సేవకు అనుమతి ఉందో లేదో చూసుకోండి. స్టేషన్ లాకప్‌లకు ముందు చెప్పకుండా వెళ్లి, నిర్బంధంలో ఉన్నవాళ్ల బాగోగులు చూసివచ్చే ఇండిపెండెంట్ కస్టడీ విజిటర్లు కూడా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లే. టీనేజి పిల్లలకు వాలంటీర్ పోలీస్ కేడెట్స్ ఉంది. అడ్డంకి తొలగేలోగా క్రెడిట్ రిపోర్టు, చిరునామాల పట్టిక, తల్లిదండ్రుల తేదీలు, ఇండియా నుంచి తెప్పించాల్సిన కోర్టు కాగితాలు ఒక ఫైల్లో పెట్టుకుంటూ ఉండండి. కోర్టు నకలు ఒక్కటే రావడానికి నెలలు పట్టవచ్చు కాబట్టి, ముందు దానితో మొదలుపెట్టండి.